ఏడో పువ్వు

కరెంటు లేని ఆ చలికాలం
త్బిలిసి స్టేషను బజారులో
మా అమ్మమ్మ నజీబ్రోలాకి తగరపు బకెట్లు ఏడు.
ఎనిమిదోది అడుగున కారేది. పారేయక
అందులో చిల్లర వేసేది.

పూలకొచ్చినవాళ్ళు కారణం చెప్పరు,
అంకె చెబుతారు.
ఐదంటే పురుడు.
తొమ్మిదంటే ఎవరో పిల్ల ఇంకా ఊ అనలేదు.
ఆరు అన్న మాట వినగానే
అమ్మమ్మ బేరం మానేసేది,
కాడలు పొట్టిగా కోసి, రిబ్బను కట్టకుండా ఇచ్చేది.
మా దగ్గర బతికున్నవాళ్ళకి బేసి,
పోయినవాళ్ళకి సరి.

బల్ల కింద, కిరసనాయిలు స్టవ్ పక్కన
నా లెక్కల పుస్తకం.
"వరుసగా వచ్చే రెండు సంఖ్యల్లో
ఒకటి తప్పక సరిసంఖ్య అని నిరూపించుము."
నిరూపించడానికేముంది?
బకెట్లోంచి ఒక్కొక్కటే తీసి పెట్టాను:
పెళ్ళి, చావు, పెళ్ళి, చావు.
తడి చేత్తోనే ఒకటి వేసింది అమ్మమ్మ.

రెండో లెక్క: వాటిని కలిపితే ఎప్పుడూ బేసి.
మూడోది: గుణిస్తే ఎప్పుడూ సరి.
"కలిస్తే బతుకుతారు, హెచ్చిస్తే పోతారు"
అని రాసి, మర్నాడు బళ్ళో
గోడవైపు తిరిగి నిలబడ్డాను.

గడియారాలు బాగుచేసే ఒతియా
ప్రతి గురువారం భార్యకి ఏడు కార్నేషన్లు కొనేవాడు.
ఫిబ్రవరిలో ఒక గురువారం వచ్చి,
టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని
"ఏడు" అన్నాడు.
ఎతేరి సంగతి వీధంతటికీ తెలుసు.
అమ్మమ్మ ఏడూ లెక్కపెట్టి ఇచ్చింది.
అతను కదల్లేదు.
పూలవైపు చూస్తున్నాడు,
ఆగిన ముల్లువైపు చూసినట్టు.
ఆ ఒక్క అంకె కిందికి దిగడానికి
మెట్టు దొరకడం లేదు.

"అయ్యో, నా మతిమరుపు" అంది అమ్మమ్మ,
ఎన్నడూ లెక్క తప్పని మనిషి.
కట్టలోంచి ఒకటి లాగి
అతని కోటు జేబులో గుచ్చింది.
చేతిలో ఆరు.
గుండె దగ్గర ఒకటి.
"సరేనా?" అంది.
"సరి" అన్నాడు.
ఏడింటికీ డబ్బిచ్చాడు. వద్దనలేదు ఆవిడ,
ఎనిమిదో బకెట్లో వేసింది.

ఆ రాత్రి నాకు ఇంకో లెక్క మిగిలింది,
ఏ సరిసంఖ్యకైనా ఇరుగూ పొరుగూ బేసివేనట.
వేళ్ళు మడిచి చూసుకున్నాను:
ఆరుకి అటు ఐదు, ఇటు ఏడు.
రెండు పక్కలా
బతికున్నవాళ్ళే.

అమ్మమ్మని లేపి చెబుదామనుకున్నాను.
స్టవ్ ఆరిపోయింది.
ఆవిడ చేతులకింకా
కాడల పసరు వాసన.