కౌడా ఎక్వీనా

తెల్లవారుజామున మూడింటికి
క్రెమోనా ఆసుపత్రిలో
స్కాను ఫిల్మును దీపానికి అడ్డంపెట్టి
డాక్టర్ లవీనియా రెండే మాటలంది:
కౌడా ఎక్వీనా.

చిన్నప్పుడు చర్చిలో కొవ్వొత్తులు మోసినవాణ్ణి,
ఆ మాత్రం లాటిన్ నాకూ వచ్చు.
గుర్రపు తోక.
నలభై ఒక్క ఏళ్లుగా నా బల్లమీద పడుకునేది అదే.

మంగోలియా నుంచి కట్టలుగా వస్తుంది
తెల్లగా, పేడ వాసన ఇంకా వదలకుండా.
మగ గుర్రానిదే కొంటాను.
ఆడదాని తోక తన ఉచ్చలోనే నాని
పెళుసెక్కుతుందనేవాడు మా మేస్త్రి.
నిజమో కాదో నేనెప్పుడూ చూడలేదు,
వచ్చిన పార్సెలు వచ్చినట్టే తిప్పి పంపాను.
దువ్వి, నూటయాభై పోగులు ఏరి,
మెలిపడ్డవాటిని పక్కకు నెట్టి,
కొసన దారం బిగించి
వయొలిన్ కమానుకు ఎక్కిస్తాను.
ఒక్క పోగు వదులైనా
కచేరీ మధ్యలో తెగి గాల్లో ఊగుతుంది.
మర్నాడు పొద్దున్నే ఫోను నాకే.

వెన్నుపాము నడుము దాకా వచ్చి ఆగిపోతుందట.
అక్కణ్ణించి నరాలు విడివిడిగా,
ఏరు దాటే గుర్రం తోకలా
నీళ్లలో తేలుతుంటాయట.
ఎముకల నడుమ దిండొకటి జారి
వాటిమీద కూర్చుంది.

"ఇక్కడ తెలుస్తోందా? ఇక్కడ?"
సూదిమొనతో అడుగుతోంది.
లేదు.
లేదు.
జీను ఆనేచోటంతా మొద్దుబారిందని రాసుకుంది.
జీనా!
పుట్టి బుద్ధెరిగి గుర్రమెక్కినవాణ్ణి కాదు.

నవ్వొద్దంది ఎర్సీలియా. నవ్వాను.
మంచం పక్క గొట్టం సంచీ వేలాడుతుంటే
తిప్పి పంపిన ఆ పార్సెళ్లన్నీ గుర్తొచ్చి
ఇంకా నవ్వాను.

లోపలికి తోసుకుపోతుంటే
ఆమె వేళ్లు చూశాను. సన్నటివి, గోళ్లు కురచ.
పనిమంతుల చేతులు.
"చిక్కుపడితే దువ్వుతారా?" అన్నాను.
"తాకను. చుట్టూ కాస్త చోటు చేస్తానంతే."

ఇన్నేళ్లలో ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు మార్చి.
ఎడమ మడమ తిరిగొచ్చింది. మిగతాది రాలేదు.
బల్ల దగ్గర కూర్చుంటాను.
కూర్చున్నానని
కిందికి చూసి తెలుసుకుంటాను.
ఇవాళ చెల్లో కమాను ఒకటి బిగిస్తుంటే
పోగు తెగింది.
పారెయ్యబుద్ధి కాలేదు.
చూపుడువేలికి చుట్టుకుని లాగాను,
వేలు ఎర్రబడి, నీలమై,
అబ్బా అనిపించేదాకా.