పదకొండు అడుగులు

కాల్డర్‌షా పోలీస్ స్టేషన్లో, మేడ మీద,
కార్డుల గది నాది.
లక్షా పదివేల కార్డులు.
ఆ బరువుకి కింద గదిలో సున్నం పెచ్చులూడి
సూపరింటెండెంట్ క్రాబ్‌ట్రీ గారి టీలో పడేది.
ఆయన చెంచాతో తీసేసి తాగేవాడు.
దర్యాప్తు కూడా ఇంచుమించు అలాగే జరిగేది.

మొదటి ఇద్దరికీ పేపర్లో ఫోటో పడలేదు.
"ఆ వీధి ఆడవాళ్ళు" అన్నాడాయన,
వీధే వాళ్ళని కన్నట్టు.
మూడో మనిషి ఐలీన్ సగ్డెన్, బడిలో వంట చేసేది.
అప్పుడు ఆయన గొంతు పూడుకుపోయింది.
"ఈసారి ఏ పాపం ఎరగని పిల్ల" అన్నాడు మైకు ముందు.
మొదటి ఇద్దరి తల్లులూ ఆ మాట రేడియోలో విన్నారు.
ఒకావిడ స్టేషన్‌కొచ్చి
కూతురి ఉన్ని తొడుగులు బల్ల మీద పెట్టి
ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.
వాటికీ ఒక కార్డు రాశాను.

మా వైపు 'హ' పలకరు.
తాతల నాటి నుంచీ మిల్లు రొదలో అరిచి అరిచి
మిగిలిన ఊపిరిని అక్షరాల మీద ఖర్చుపెట్టరు.
హోల్‌రాయిడ్ అనే మనిషి
గుమ్మంలో నించుని "ఓల్‌రాయిడ్" అంటాడు.
దక్షిణాది కానిస్టేబులు "ఓల్డ్‌రాయిడ్" అని రాసుకుంటాడు.
అలా ఒకడు ఇద్దరయ్యాడు.
హెచ్ సొరుగు తలుపు పక్కన,
'ఓ' సొరుగు కిటికీ కింద.
మధ్యలో పదకొండు అడుగులు.

గ్యాస్ మీటర్లు చూసే ఉద్యోగం.
టోపీ కనిపిస్తే చాలు, ఏ తలుపైనా తీస్తారు.
మావాళ్ళు హెచ్‌గా నాలుగుసార్లు, 'ఓ'గా ఐదుసార్లు
అతనింటికి వెళ్ళొచ్చారు.
వాళ్ళావిడ అల్లం కేకు కోసి పెట్టింది.
కార్డులో అదీ ఉంది:
మర్యాదస్తుడు. కేకు బాగుంది.

వెరోనా బెకిల్స్ బతికింది.
పదిహేడేళ్ళది, బార్బడోస్ నుంచొచ్చిన బస్సు కండక్టరు కూతురు.
తలకి ఇరవై రెండు కుట్లతో మంచం మీంచి చెప్పింది:
తారుసబ్బు వాసన. పొడుగాటి టార్చి.
"కొడుతూ నోట్లో అంకెలు గొణుక్కున్నాడు,
మీటరు చదువుతున్నట్టు."

మీటరు చదువుతున్నట్టు.

క్రాబ్‌ట్రీ నిలబడే చదివాడు ఆ వాంగ్మూలం.
"నల్లపిల్ల. మనవాడి వరస కాదు.
ప్రియుడెవడో కొట్టుంటాడు."
ఎర్ర ముద్ర వెయ్యమన్నాడు: సంబంధం లేదు.
మాట ఆయనది. చెయ్యి నాది.
సిరా సరిగ్గా అంటలేదని
రెండోసారి కూడా వేశాను.

ఆ తర్వాత ఇంకో ఇద్దరు.
ఇద్దరి ఇళ్ళలోనూ గ్యాస్ పొయ్యి.

చివరికి పట్టించింది కుక్క.
లైసెన్సు కట్టలేదు, ముప్పై ఏడు పెన్నీలు.
కౌంటర్లో కొత్తగా చేరిన కుర్రాడికి స్పెల్లింగులంటే భయం.
"మీరే రాసివ్వండి సార్" అన్నాడు.
తొమ్మిదిసార్లలో ఎవరూ అడగలేదు ఆ మాట.
అతను రాశాడు, గుండ్రటి చేతిరాతతో:
ముందు హెచ్, ఆ వెంటనే ఓ,
రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటూ.

కుర్రాడు మెట్లెక్కి వచ్చాడు చీటీ ఊపుతూ.
"ఓల్‌రాయిడ్ అంటండీ, కుక్క గొడవ."
చీటీ చూశాను.
చెవిలో ఒక పేరు, కంటిలో ఇంకో పేరు.
లేచాను. నడిచాను.
ఎనిమిదేళ్ళు రోజుకి యాభైసార్లు నడిచిన దూరమే.

క్రాబ్‌ట్రీకి రిటైర్మెంటులో గోడగడియారం ఇచ్చారు.
నాకు దస్తూరీ బాగుందని ఉత్తరం వచ్చింది.

ఇరవయ్యేళ్ళకి వెరోనా నా ఇల్లు కనుక్కుని వచ్చింది.
చలికోటు విప్పలేదు, టీ వద్దంది.
ఒకటే అడిగింది,
తన కార్డు ఏ సొరుగులో ఉండేదని.

"బి" అన్నాను.
"నా కుర్చీ పక్కది.
లేవనక్కర్లేదు, చెయ్యి చాపితే అందేది."