నెమ్మది

మంగళవారం, శుక్రవారం
సెలైన్ గదుల వెనక పాత క్యాంటీన్ హాల్లో
పదకొండు ప్లాస్టిక్ కుర్చీలు.
నిలబడలేనివాళ్లు కూర్చునే చెయ్యొచ్చట.
మొదటి రెండు వారాలూ నేను
చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఇరవై తొమ్మిదేళ్లు పోర్టులో క్రేన్ మీద బతికినవాణ్ణి.
ముప్పై టన్నుల పెట్టెని ఓడ కడుపులోకి
నిద్రపోయిన బిడ్డని మంచం మీదికి దించినట్టు
దించినవాణ్ణి.
నాకు చెయ్యి ఎత్తడం నేర్పుతారా?

హైమ మేడం గొంతు పెంచదు.
"ఊపిరి తీస్తూ ఎత్తండి, వదులుతూ దించండి.
నొప్పి ఇంటిదాకా వెళ్లొద్దు,
వీధి మలుపులోనే ఆగండి."

పక్క కుర్చీ గరికిన ఎర్రమ్మది, జాలారిపేట.
కుడి రొమ్ము తీసేశాక ఆ చెయ్యి భుజం దాటి లేవదు.
"చేపల గంప ఒంటిచేత్తో నెత్తికెత్తినదాన్ని,
ఇప్పుడు జడకి కూడా అందదు" అంది.
గుండు తడుముకుని, "జడేదిలే" అని
తనే నవ్వింది.
మేం నవ్వడానికి కాస్త టైం పట్టింది.

"మబ్బుల్ని మెల్లగా పక్కకి తోస్తున్నట్టు..."
"మబ్బుల్నెవులు తోసినారమ్మా,
వల లాగినట్టని చెప్పు!"
అప్పట్నుంచి అందరం వలే లాగుతున్నాం.
వైద్యానికొచ్చి మొదటిసారి సముద్రం చూసిన
కోరాపుట్ కుర్రాడు కూడా.

"దీంతో తగ్గిపోద్దేటమ్మా?" గాజువాక టైలరు అడిగాడు.
"తగ్గదు. మందు పని మందుదే.
రాత్రి కాస్త నిద్ర పట్టొచ్చు,
నీరసం కొంచెం వదలొచ్చు."
అబద్ధం చెప్పలేదు.
ఆ రోజు నేను చేతులు విప్పాను.

మందు ఎక్కాక నా వేళ్ల చివర్లు నావి కావు.
చొక్కా గుండీ తగిలేది, తెలిసేది కాదు.
కళ్లు మూసుకుని చెయ్యి లేపుతుంటే
ఎత్తున క్యాబిన్‌లోంచి రేవుని చూసినట్టు
నా ఒళ్లు కనిపించింది.
ఎక్కడ ఖాళీ, ఎక్కడ బరువు,
ఏది ఇంకా లంగరు వేసుకునే ఉంది.
ఏడు నెలలుగా ఈ ఒళ్లు
ఫైల్లోనే ఉండేది.

హాలు గోడ మీద పెన్సిల్ గీతలు,
ఎర్రమ్మ వేలు అందిన చోటల్లా ఒకటి.
స్విచ్‌బోర్డు దాటింది, కిటికీ గడియ దాటింది.
తర్వాత రెండు శుక్రవారాలు కుర్చీ ఖాళీ.
జ్వరమన్నారు, రక్తకణాలు పడిపోయాయన్నారు.
తిరిగొచ్చి చెయ్యి ఎత్తితే
గీత మళ్లీ గడియ కిందే.
మేడం పెన్సిల్ పట్టుకుని తటపటాయించింది.
"గియ్యమ్మా. పోటుంటది, పాటుంటది,
సముద్రానికి లేదేటి?"

బస్సు దిగగానే మా ఆవిడ రోజూ అడిగేదే:
"నెమ్మదిగా ఉందా?"
ఆ మాటకి ఎన్నిసార్లు కసురుకున్నానో.
ఇవాళ సంచీ ఆమెకివ్వలేదు.
చెయ్యి ఎత్తి చూపించాను,
ఊపిరి తీస్తూ,
రోడ్డు మీదే,
ఆమె చూసేంత నెమ్మదిగా.