వెంట్రుకవాసి

కెఫ్లావిక్ విమానాశ్రయంలో
నా బల్ల చివర ఒక ఎర్ర డబ్బా ఉంటుంది.
చెమట ఇంకిన కళ్ళేలు, వాడిన జీన్లు,
ఉతకని చేతి తొడుగులు,
పరాయి గుర్రాన్ని తాకిన తోలు ఏదైనా సరే
దీవిలోకి రాకముందే అందులో పడాలి.
ఇరవై రెండేళ్ళుగా ఇదే నా కొలువు.
మా ఆవిడ యోరున్ నన్ను వాసన పోలీసు అంటుంది.

చెప్పి చెప్పి నోరు అరిగింది.
మా గుర్రాలకు రోగం రాదని కాదండీ,
రోగమంటే ఏమిటో వాటి నెత్తురుకి తెలియదు.
వెయ్యేళ్ళుగా ఈ నల్లరాతి నేల మీద
బయటి గిట్ట పడలేదంటారు.
గడప దాటని పసిదానికి
దొంగ ముఖం ఎవరు చూపించారు?
అందుకే చట్టం చిన్నది, గుండ్రాయిలా గట్టిది:
వెళ్ళిన గుర్రం మళ్ళీ రాదు.
పతకం గెలిచినా రాదు.
కుంటినా రాదు.
ఇక్కడే పుట్టినా, దాని తల్లి ఇంకా ఇక్కడే మేస్తున్నా, రాదు.

ఆగస్టు నెలాఖరు, హాంబుర్గ్ విమానం.
హ్రాఫ్న్‌హిల్డర్ అనే పిల్ల, పంతొమ్మిదేళ్ళుంటాయేమో,
పోటీలకు గుర్రంతో వెళ్ళి
సంచితో తిరిగొచ్చింది.
జీను అక్కడే ఇచ్చేశానంది.
బూట్లు మందునీళ్ళలో నానబెట్టిన కాగితం చూపించింది.
కొనుక్కున్నవాళ్ళు మంచివాళ్ళట, యాపిల్ తోట ఉందట.
అడగకుండానే చెప్పింది.

గుర్రం పేరుకి నా ఫారంలో గడి లేదు.
అయినా అడిగాను.
"లోవ."

లోవ అంటే మా దగ్గర
వసంతాన్ని వెంటబెట్టుకొచ్చే పిట్ట.
చలికాలమంతా ఏ దేశపు బురదలోనో మేసి
ఏప్రిల్లో నింపాదిగా వచ్చి
నా కంచె మీదే వాలుతుంది.
దాన్ని ఆపి కాళ్ళు కడిగించే అధికారం
నాకెవరూ ఇవ్వలేదు.

"జేబులో ఏముంది?"
ఆ పిల్ల చాలాసేపు నేలకేసి చూసింది.
పిడికిలి విప్పింది.
జూలు వెంట్రుకలు, పదో పదిహేనో,
ఎర్ర దారంతో ముడేసి.
"కడిగానండీ. షాంపూతో. రెండుసార్లు."
నిజమే, ఇంకా తడిగానే ఉన్నాయి.

నాకు ఒక వసంతం గుర్తుంది.
ఎవరి బూటు అంచునో, ఎవరి చొక్కా మడతనో
ఎక్కి వచ్చింది, ఇప్పటికీ తెలియదు.
ముందు ఒక పాక దగ్గింది.
వారం తిరక్కుండా లోయ దగ్గింది.
జూన్ కల్లా దీవంతా దగ్గింది.
మా అన్న స్టైన్‌గ్రిమర్ రాత్రంతా లాంతరు పెట్టుకుని
ఒక్కోదాని ముక్కూ తుడిచాడు,
అదే గుడ్డతో, అదే చేత్తో,
పక్కదాని ముక్కూ తుడిచాడు.
ప్రేమకి చేతులు కడుక్కోవడం ఎవరు నేర్పుతారు?
తెల్లారేసరికి అతను ముట్టని గుర్రం లేదు,
దగ్గని గుర్రమూ లేదు.

పటకారుతో తీశాను.
డబ్బాలో వేశాను.
శబ్దం కాలేదు.
రశీదు రాశాను: జూలు, ఒక ముడి. బరువు: లేదు.
వెంట్రుకవాసిలో తప్పింది అంటారే,
ఆ వాసి ఎంతో నేను ఇరవై రెండేళ్ళుగా కొలుస్తున్నాను.
ఎప్పుడూ ఏమీ జరగలేదు.
ఏమీ జరగకపోవడం ఏ పేపర్లోనూ పడదు.
ఆ పిల్ల రశీదుని నాలుగు మడతలు పెట్టి
జూలు ఉన్న జేబులోనే పెట్టుకుంది.

సాయంత్రం ఇంటి వెనక బట్టలు మార్చి
మోచేతుల దాకా రుద్దుకుని
కంచె దగ్గరికి వెళ్ళాను.
మా ముసలి గుర్రం ఆవిరి వదులుతూ వచ్చింది.
నా అరచేతిని మూచూసి,
సబ్బు తప్ప ఇంకేమీ దొరక్క,
ముఖం పక్కకు తిప్పుకుని
గడ్డి మేయసాగింది.