ఊపిరి కత్తిరించే పని

మెంఫిస్‌లో, ఆరెంజ్ మౌండ్‌లో,
లాండ్రీ వెనక గది నాది.
గోడలకి కోడిగుడ్ల అట్టలు, తలుపుకి పాత పరుపు.
ఇరవై రెండేళ్లుగా ఇక్కడ నా పని
మాటకీ మాటకీ నడుమ ఊపిరి కత్తిరించడం.

ర్యాప్ చెప్పేవాడు గాలి పీలుస్తాడు కదా,
వినేవాడికి ఆ చప్పుడు అక్కర్లేదు.
కోర్ట్‌లాండ్ మీక్స్ ఊపిరి మరీ పెద్దది,
సిటీ బస్సు తలుపు తెరుచుకున్నట్టు.
ఉబ్బసం, చిన్నప్పటి నుంచీ.
"తీసెయ్ థర్మన్, ముసలాణ్ణి చేస్తోంది నన్ను" అనేవాడు.
తీసేసేవాణ్ణి.

వీధి అతనికి డీకన్ అని పేరు పెట్టింది.
అక్టోబరులో ఒక మంగళవారం, పెట్రోలు బంకులో
టైరుకి గాలి కొట్టుకుంటున్నాడు.
ఇంతకంటే చెప్పను.
చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు,
చూసినవాళ్లు ఎవరూ లేరు.

ఆ రాత్రి రేడియో ప్రకటనలు మానేసింది.
లామార్ అవెన్యూ పొడవునా కార్లు అద్దాలు దించుకుని ఆగాయి.
అన్నిట్లో ఒకే గొంతు,
ఒకదానికొకటి అర క్షణం ముందూ వెనకా.
ఊరు ఊరంతా
ఒక్క మనిషికి ప్రతిధ్వని అయి కూచుంది.

మిస్ ఓరాలీ టీ షర్టులు తెల్లారేసరికి అయిపోయాయి.
సిరా ఆరకముందే తొడుక్కున్నారు జనం.
చర్చిలో ఎవర్ని కావలించుకున్నా
అతని మొహమే నా చెంపకి అంటుకుంది, తడితడిగా.

నార్త్ సైడ్ నుంచి పెర్రిన్ వచ్చాడు,
పదకొండేళ్లు పాటకి పాటగా డీకన్‌ని తిట్టిపోసినవాడు.
మెట్ల మీద టోపీ చేతిలో పట్టుకుని
"ఇక ఎవడికి జవాబు చెప్పను?" అన్నాడు.
ఆ తర్వాత ఒక్క చరణం రాయలేదు.
ఇప్పుడు నాష్‌విల్‌కి కోళ్ల లారీ తోలుతున్నాడు.

రాసేవాళ్లు రాశారు.
ఆ ఏడు నా గదికొచ్చిన ప్రతి నోటుబుక్కులో
ఏదో ఒక పేజీ "నేను పోతే" అని మొదలైంది.
మీసం సరిగా రాని కుర్రాడు
తన శవపేటిక రంగుకి ప్రాస వెతుక్కుంటున్నాడు,
పెన్ను కొరుకుతూ.
ప్రాస కుదిరేది కూడా.
నాకు భయమేసింది అందుకే.

అట్లాంటా నుంచి కంపెనీవాళ్లొచ్చారు.
అరకొర ముక్కలేమైనా ఉన్నాయా,
దగ్గినవి, నవ్వినవి, మధ్యలో ఆపేసినవి?
ఉన్నవన్నీ ఇచ్చాను, ఆ నెల అద్దె బాకీ.
బతికుండగా రెండు ఆల్బమ్‌లు,
పోయాక అయిదు.
మొహం చూడనివాళ్ల పక్కన పాడాడు,
చూసి ఉమ్మేసినవాళ్ల పక్కనా పాడాడు.
కాదనడానికి అతనికి నోరేదీ,
మా దగ్గరుంటే!
ఇప్పుడైతే ముక్కలు కూడా అక్కర్లేదట.
పది నిమిషాల గొంతు పోస్తే
మెషీన్ కొత్త పాట పిండి ఇస్తుందట.

ఒక సాయంత్రం వాళ్లమ్మ వచ్చింది, మిస్ ఐడెల్లా,
హాస్పిటల్ వంటగది యూనిఫారంలోనే.
డబ్బు లెక్క అడుగుతుందనుకుని
నేనే తడబడి కాగితాలు తీశాను.
"వాడు మాట్లాడనిది ఏమైనా ఉందా బాబూ?
మాటలు అందరి దగ్గరా ఉన్నాయి" అంది.

ఉంది.
కత్తిరించినవి నేనెప్పుడూ పారెయ్యలేదు,
గొప్పేం కాదు, బద్ధకం.
పాత హార్డ్ డిస్క్‌లో ఒక మూల
అన్నీ వరసగా అతికించి పెట్టి ఉన్నాయి.
నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూచుంది.
అవతల లాండ్రీలో మెషీన్లు తిరుగుతున్నాయి.
ఎవరిదో బొత్తాం లోపల టకటక కొట్టుకుంటోంది.
ఆమె పెదాలు కదిలాయి,
ఏదో లెక్కపెడుతున్నట్టు.
ఒకచోట చెయ్యెత్తి ఆపమంది.
"ఇదిగో, ఇక్కడ," అంది,
"ఇన్‌హేలర్ ఇంట్లో మర్చిపోయాడు వెధవ."

అప్పట్నుంచి నేను కత్తిరించడం లేదు.
కుర్రాళ్లు సణుగుతారు, నీట్‌గా లేదంటారు,
పక్క వీధి స్టూడియోకి పోతామంటారు.
రేటు కొంచెం తగ్గించాను.