పొట్టి చీపిరి

నాలుగ్గొట్టంగ లేస్త.
పోచమ్మ మైదాన్ కాన్నుంచి కాశిబుగ్గ దాకా
రోడ్డు నా వంతు.
రాత్రి జనం తిని పారేసిన మక్కబెండ్లు, చాయ్ కప్పులు,
ఎనుమాముల పోయే బండ్లకెల్లి రాలిన పత్తి
డివైడర్ పొంటి తెల్లగ.
అంతా కుప్పజేసి ఎత్తి
తొమ్మిదింటికి ఇల్లు జేరితే
నా రోడ్డే నయమనిపిస్తది.

ఎండకాలం సెలవులు.
మెత్తల కింద బలపాలు.
బకెట్ల ఒక బూటు,
రెండోది యేసయ్యకే ఎరుక.
కూరగాయల గంపల జోయెల్ గాని బర్రె బొమ్మ
వంకాయలు మేస్తాంది.

మా అత్త కొంరవ్వ మంచంల కూసోని అంటది:
"పొల్లకు ఏడేండ్లొచ్చినయ్, దానికి చెప్పు.
మొగపోరని తోని పని జేపిస్తరానే?"
"తిన్న కంచం ఎత్తితే
మొగపోరని చేతులు అరుగుతయా అత్తా?"
అత్త నోట్లె ఆకు అటు నుంచి ఇటు మార్చి
రేకుల దిక్కు చూసింది.
గెలిచిన అనుకున్న.

ఇగ పని పంచిన.
షారోనుకు ఉల్లిగడ్డ పొట్టు, జోయెల్‌కు చెప్పులు.
"జతలు జెయ్యి బిడ్డా."
వాడు నా చెప్పు పక్కన వాని చెప్పు పెట్టిండు.
వాళ్ల బాపు చెప్పు పక్కన అక్కది.
"గట్ల కాదురా, తప్పు" అంటే
"చిన్నది ఒక్కతే ఉంటే భయమైతది గదనే" అన్నడు.
ఆ దినం నేను సరిజెయ్యలే.
డ్యూటీకి పోయేటాయన ఎతుక్కుండు, తిట్టుకుండు,
ఒంటికాలు మీద ఎగిరిండు.

పెసర్లల్ల రాళ్లు ఏరుమంటే
రాళ్లు మంచిగున్నయని జేబుల దాసుకున్నరు.
తువ్వాలలు మడుతుమంటే సమోసాలు జేసిండ్రు.
చెంబుతోని గోలెం నింపుమంటే
గోలెం నిండలే, గల్మ నిండింది.
పావుగంట పని పొద్దంతా సాగె.
నేనే జేసుకుంటే ఎప్పుడో అయిపోవు.
చేతులు గులగుల పెట్టినా
వాటి మీద కూసున్న.
పని నేర్పుడంటే సగం ఇదే అని
నాకెవలు చెప్పలే.

జోయెల్‌కు అన్ని పనులిచ్చిన.
చీపిరి తప్ప.

ఒకనాడు పగటీలి జర నడుం ఒరిగించిన.
బర్రు బర్రుమని సప్పుడు.
కండ్లు తెరిస్తే
నా అరిగిన చీపిరి, నా నారింజ రంగు కోటు,
ఆ రెండిట్ల మునిగిపోయి వాడు.
"చూడే అవ్వా, నేన్ గూడ మున్సిపాలిటి!"

మా అవ్వ పట్టింది. అవ్వను గన్న అవ్వ పట్టింది.
నేను పట్టిన.
గుంజుకున్న.
వాడు ఏడ్వలే. అరచెయ్యి చూసుకుండు.
"మరి మన ఇల్లు ఎవలు ఊడ్వాలె?"

గల్మ కాడ షారోను నిలవడి చూస్తాంది.
దానికి మొదటిసారి చీపిరి ఎన్నడిచ్చిన్నో
ఎంత తన్లాడినా యాదికొస్తలేదు.
ఇచ్చిన. అది పట్టుకుంది. అంతే.
ఆ దినం నా గుండె జారలే.
అత్త దిక్కు చూడబుద్ది కాలే నాకు.

పొద్దుమీకినంక ఈనెల కట్ట ఇప్పి
రెండు పొట్టి చీపిర్లు కట్టిన, పాత రిబ్బన్ల తోని.
ఒకటి వానికి, ఒకటి దానికి.
"ఇది ఇంటిది. మన చెత్త మనం ఎత్తుకునేది.
రోడ్డెక్కద్దు ఇది, ఇనబడ్డదా?"
"వాకిలి మనదా, రోడ్డుదా?" అన్నది షారోను.
ఇంకా ఆలోచిస్తానే ఉన్న.

ఈలోపట జోయెల్ మంచం కాడికి పోయిండు.
"నాయినమ్మా, కాళ్లు మీదికి తియ్యి."
అత్త గులిగింది, సణిగింది,
తీసింది.
మంచం కిందికెల్లి రెండో బూటు ఎల్లింది,
దాని నిండ దుమ్ము, ఒక బలపం, ఎండిన వంకాయ ముచ్చిక.
తొడిగి చూసిండు.
పడుతలేదు.