నాలుగో స్టిక్కర్

కవిటి దాటాక కొబ్బరితోటల్లో
దారి ఇసుకైపోతుంది.
స్కూటీ అక్కడే వదిలి
ఐసు పెట్టె భుజాన వేసుకున్నాను.

దుర్యోధన ఇంటి తలుపు మీద
అప్పటికే మూడు స్టిక్కర్లు.
"ఒకటోది అతికించినప్పుడు
రోజుకి ముప్పై చెట్లెక్కీవోడు.
రెండోదానికి సోంపేటెళ్లి
వారానికి రెండుసార్లు మిషనెక్కీవోడు.
మూడోదానికి..."
దమయంతి లోపలికెళ్లి పీట తెచ్చింది.

ఏ బావి నీళ్లు, ఎన్నేళ్లుగా,
ఎండలో ఎన్ని గంటలు,
ఒళ్లునొప్పుల బిళ్లలు వారానికెన్ని.
నేను కాగితం తిప్పేలోపే
"తరవాత పొగాకు గదా, అడగవేటి?"

నరం తనే చూపించింది.
"ఎడం చేతిది తియ్యి తల్లీ,
కుడిచేతికి జీడిపిక్కల పనుంది."
ఆ వేళ్ల కొసలు నల్లగా,
జీడి కాల్చిన చోట ముద్ర పడనంత నున్నగా.

"ఇంతకీ ఆ మూడుసార్లూ ఏటి తేలింది?"

ఆమె అడిగేదానికి నా ఫారంలో గడి లేదు.
కారణం అన్నచోట
"తెలియదు" ముందే అచ్చయి ఉంది.
దాని చుట్టూ సున్నా చుట్టడం వరకే నా పని.

పదేళ్ల గుంట పెట్టె మూతెత్తి
ట్యూబులు వేలితో లెక్కపెట్టింది.
"ఇందులో మాయమ్మ ఏది?"
నూట పదిహేడు, అన్నాను.
నవ్వింది, క్లాసులో రోల్ నంబరనుకుని.

దమయంతి తలుపు కొంగుతో తుడిచింది.
"ఇక్కడెట్టు. పైవన్నీ ఆడివి.
కింద కాస్త జాగా ఉండనీ, గుంటుంది."

ఉప్పుగాలికి జిగురు పట్టలేదు.
బొటనవేలితో
చాలాసేపు నొక్కి పట్టుకున్నాను.